నయాగరా దగ్గర ఆర్వీ ఎక్కడ ఆపాలి, టెంటు ఎక్కడ వేయాలి

అమెరికా, కెనడా సరిహద్దులో ఉన్న ఈ జలపాతం గట్టునే మకాం పెడదామంటే కుదరదు. అమెరికా వైపు 1885లో ఏర్పడిన నయాగరా ఫాల్స్ స్టేట్ పార్కులో రాత్రి బసకు చోటు లేదు. చుట్టుపక్కల క్యాంప్‌గ్రౌండ్లు కారులో పది నుంచి పాతిక నిమిషాల దూరంలో ఉంటాయి. అందుకే "ఫాల్స్‌కి ఎంత దగ్గర" అని చూసి బుక్ చేయడం దండగ. చూడాల్సినవి రెండే: ఇంటిల్లిపాదికీ కెనడాలో అడుగుపెట్టే కాగితాలు ఉన్నాయా, ఆర్వీలో (వంటగది, పడకలు ఉన్న బండిలో) వంట ఏ మాత్రం చేస్తారు.

ముందు కాగితాల సంగతి. ఇండియా పాస్‌పోర్టు మీద హెచ్-1బిలో ఉన్నవాళ్లకి కెనడా విజిటర్ వీసా ముందే చేతిలో ఉండాలి. గ్రీన్ కార్డు ఉంటే వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టూ కార్డూ తీసుకెళ్తే చాలు. ఎక్కువమంది మర్చిపోయేది ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల విషయం. వాళ్లకీ కెనడా వీసా కావాలి, తిరిగి లోపలికి రావడానికి అమెరికా వీసా కూడా చెల్లుబాటులో ఉండాలి. ఒక్కరికి లేకపోయినా అమెరికా వైపే దిగడం మంచిది.

అమెరికా వైపు ఆర్వీ కుటుంబాలకు నా ఓటు గ్రాండ్ ఐలాండ్‌లోని కేఓఏ క్యాంప్‌గ్రౌండ్‌కే. నయాగరా నది రెండు పాయల మధ్య ఉన్న దీవి అది, ఐ-190 హైవే మీద నుంచి దిగితే వచ్చేస్తుంది. పిల్లలకి ఈత కొలను, చేపలు పట్టే చెరువులు ఉన్నాయి. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ సైటు దగ్గరే ఉండే ఫుల్ హుకప్ దొరుకుతుంది. ఆర్వీలో నిద్రపట్టని పెద్దవాళ్లకి క్యాబిన్లున్నాయి. బుక్ చేసేటప్పుడు బాత్రూమ్ ఉన్న డీలక్స్ క్యాబినా, మంచాలు మాత్రమే ఉండే మామూలుదా అన్నది చూడండి. మామూలు క్యాబిన్‌కి దుప్పట్లు, దిండ్లు మనమే పట్టుకెళ్లాలి. హైవేకి దగ్గర కాబట్టి బండ్ల చప్పుడుంటుంది, లోపలి వైపు సైటు అడగండి.

దీవికి అటూ ఇటూ ఉన్న వంతెనల మీద టోల్ ఉంది, నగదు తీసుకోరు. అద్దె ఆర్వీ అయితే బిల్లు కంపెనీకి వెళ్లి, వాళ్ల చార్జీ కూడా కలుపుకుని మీ దగ్గరికొస్తుంది. ఏడున్నర అడుగులు దాటిన బండిని ఎత్తు బండి కింద లెక్కగడతారు. కారుకి వాడే ఈ-జీపాస్‌ని (టోల్ కట్టే ట్యాగ్) ఆర్వీకి పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక కరెంటు. మనవాళ్ల ట్రిప్పు ఎక్కువగా తేడాకొట్టేది ఇక్కడే. 30 యాంపుల సైటు అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. పైకప్పు ఏసీ నడుస్తూ ఉంటే సుమారు 1,500 లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి ఫుల్‌లో పెడితే 1,800. ఇంకా రైస్ కుక్కర్ ఆన్ చేయకముందే అయిపోవచ్చింది. వాటర్ హీటర్ కరెంటు మీద ఉంటే బ్రేకర్ పడిపోవడం ఖాయం. హీటర్‌ని గ్యాస్‌కి మార్చి, అన్నం ఉడికేదాకా ఏసీ ఆపితే 30 యాంపులతో నెట్టుకురావచ్చు. 50 యాంపుల సైటులో 50 చొప్పున రెండు లైన్లు, మొత్తం 12,000 వాట్లు వస్తాయి. అయితే ఆర్వీకి 50 యాంపుల ప్లగ్ ఉండాలి. 30 యాంపుల ఆర్వీకి అడాప్టర్ పెట్టి 50కి తగిలించినా లోపలికొచ్చేది 30 యాంపులే, పైగా డబ్బులు పోగొట్టుకున్నట్టు. ఇంకో మెలిక: 50 యాంపుల ఆర్వీలోనూ వంటగది సాకెట్ల బ్రేకర్ 15 లేదా 20 యాంపులదే ఉంటుంది. ఇండక్షన్, ఇన్‌స్టంట్ పాట్ రెండూ ఆ సాకెట్లకే పెడితే సైటు ఎంత పెద్దదైనా పడిపోతుంది. ఒకటి బయట స్తంభం మీది 20 యాంపుల సాకెట్‌కి మందపాటి ఎక్స్‌టెన్షన్ తీగతో పెట్టుకోండి. ఇండియా మిక్సీ 230 వోల్టులది, ఏ సైటులోనూ సరిగ్గా తిరగదు. పచ్చడి ఇంట్లోనే రుబ్బి తెచ్చుకోండి.

తాలింపు మాత్రం బయట బల్ల మీద గ్యాస్ పొయ్యి పెట్టి వేయండి. ఎండుమిర్చి ఘాటుకి ఆర్వీలో పొగ అలారం అందరినీ లేపుతుంది.

డ్రైనేజీలో బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది) వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీళ్లు జారిపోయి, మలం గట్టిపడి అడుగున పేరుకుంటుంది. మూడింట రెండు వంతులు నిండాక ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే (సింకు, స్నానం నీళ్ల ట్యాంకు) వదిలితే ఆ నీళ్లే పైపుని కడిగేస్తాయి. గంజి, నూనె, పప్పు మడ్డి సింకులో పోస్తే గ్రే ట్యాంకు సెన్సార్లు తప్పు చూపిస్తాయి, రెండోరోజుకి కంపు. గిన్నెల్ని ముందు టిష్యూతో తుడిచి తర్వాత కడగాలి. నీళ్ల గొట్టానికి ప్రెజర్ రెగ్యులేటర్ పెట్టడం మానకండి.

టెంటు వాళ్లకి, చిన్న ట్రైలర్ వాళ్లకి యంగ్స్‌టౌన్‌లోని ఫోర్ మైల్ క్రీక్ స్టేట్ పార్కు నచ్చుతుంది. ఒంటారియో సరస్సు ఒడ్డు, చెట్ల నీడ, మబ్బు లేని రోజున అవతల టొరంటో భవనాలు. ఫాల్స్‌కి పాతిక నిమిషాలు పడుతుంది. కొన్ని సైట్లకే కరెంటు ఉంది. ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ వేరే ఉంది, కాబట్టి ఐదుగురు రోజూ స్నానాలు చేసే పెద్ద ఆర్వీకి ఇది సరిపడదు. సరస్సు గాలికి టెంటు మేకులు పొడుగువి కావాలి. బుకింగ్ తొమ్మిది నెలల ముందే తెరుస్తారు, జులై శనివారాలకి అప్పుడే చూడాలి.

కెనడా కాగితాలున్నవాళ్లు మాత్రం ఒంటారియో వైపు, లండీస్ లేన్ మీద ఉన్న కేఓఏని గానీ, ఓక్‌వుడ్ డ్రైవ్‌లోని జెల్లీస్టోన్ పార్కుని గానీ చూడండి. చిన్న పిల్లలుంటే జెల్లీస్టోన్. ఈ వైపు గెలిచేది బస్సు వల్ల: లండీస్ లేన్ మీదుగా వీగో బస్సు ఫాల్స్ దాకా వెళ్తుంది. ఆర్వీ హుకప్ విప్పకుండా, ఊళ్లో ముప్పై అడుగుల బండికి పార్కింగ్ వెతుక్కోకుండా రోజంతా తిరగొచ్చు. గుర్రపు లాడం ఆకారపు పెద్ద జలపాతం హార్స్‌షూ ఎదురుగా కనిపించేదీ ఈ ఒడ్డు నుంచే. సరిహద్దు దాటడానికి వర్ల్‌పూల్ వంతెన వద్దు, అది నెక్సస్ కార్డు (ముందే తనిఖీ అయిన ప్రయాణికులకిచ్చేది) వాళ్లకే. పెద్ద ఆర్వీకి లూయిస్టన్-క్వీన్‌స్టన్ వంతెన సుఖం.

ఎటు దిగినా నెల చూసుకోండి. అమెరికా, కెనడాల 1950 ఒప్పందం ప్రకారం ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు సెకనుకి కనీసం లక్ష ఘనపుటడుగుల నీళ్లు ఫాల్స్ మీద నుంచి వదలాలి. అక్టోబరు 31 దాకా ఆ గడువు రాత్రి 8కే ముగుస్తుంది. మిగతా వేళల్లో, చలికాలమంతా అందులో సగం వదిలితే చాలు, మిగిలింది విద్యుత్ కేంద్రాలకి పోతుంది. అక్టోబరులో తిండి ముగించి తొమ్మిదికి ఫాల్స్ మీద వేసే దీపాలు చూద్దామని బయల్దేరితే కనిపించేది సన్నబడిన ధారే.

కట్టెలు ఇంటి నుంచి మోయకండి. శుద్ధి చేయని కట్టెల్ని న్యూయార్కులో 50 మైళ్లకి మించి తరలించకూడదు, సరిహద్దు దగ్గరా ఆపుతారు. పచ్చి కరివేపాకు కూడా అంతే: నిమ్మజాతి చెట్ల తెగులు భయంతో అమెరికాలోకి రానివ్వరు. కెనడా వెళ్తుంటే, తిరిగొచ్చేలోపు ఉన్నదంతా తాలింపుల్లో వాడేయండి.