అబ్రాహామా, సారెపతు విధవరాలా, షూనేమీయురాలా: ఆతిథ్యంలో ఎవరిది మేలు?

కూడికలో ఆతిథ్యం గురించి మాట్లాడాల్సి వచ్చిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒకటే: పాత నిబంధనలోంచి ఎవర్ని తీసుకుంటే బాగుంటుంది? పోయిన నెల ఆ వంతు నాకే వచ్చింది. నేను షూనేమీయురాలిని, అంటే ఎలీషా ప్రవక్తకు ఆతిథ్యమిచ్చిన షూనేము ఊరి స్త్రీని తీసుకున్నాను.

ఎక్కువమంది అబ్రాహామునే ఎంచుకుంటారు. అందులో తప్పేమీ లేదు. మమ్రే దగ్గర మంచి ఎండవేళ ముగ్గురు మనుషులు కనబడగానే, తొంభై తొమ్మిదేళ్ల వయసులో గుడారం దగ్గర్నుంచి పరుగెత్తుకుంటూ ఎదురువెళ్లాడు. కొంచెం ఆహారం తెస్తానని చెప్పి, మూడు మానికల మెత్తని పిండితో రొట్టెలు, లేత దూడ మాంసం, వెన్న, పాలు తెచ్చాడు. వాళ్లు తింటున్నంతసేపూ చెట్టు కింద నిలబడే ఉన్నాడు. అయితే రొట్టెల పని శారాకు చెప్పాడు, దూడను పనివాడికి అప్పగించాడు. మందలూ మనుషులూ ఉన్న ఇల్లు అది, పెట్టింది ఒక్క పూట భోజనం.

అబ్రాహాము సహోదరుని కొడుకు లోతు కూడా పరదేశులను బతిమాలి ఇంటికి తీసుకెళ్లాడు గానీ, వాళ్లను కాపాడటానికి సొంత కూతుళ్లను గుంపుకు అప్పగిస్తానన్నాడు. ఆయన్ని ఈ వరసలో పెట్టడానికి నాకు మనసొప్పదు. యెరికో పట్టణంలో రాహాబు ఇశ్రాయేలు వేగులవాళ్లను దాచింది, బదులుగా తన వాళ్ల ప్రాణాలకు ప్రమాణం తీసుకుంది. రిబ్కా మాత్రం, బావి దగ్గర అబ్రాహాము సేవకుడు అడిగింది గుక్కెడు నీళ్లే అయినా, పది ఒంటెలకు కడుపు నిండేదాకా చేది పోసింది. నా లెక్కలో రెండో స్థానం ఆమెదే.

అసలు పోటీ సారెపతు విధవరాలితోనే. కరువు రోజుల్లో ఏలీయా ప్రవక్త ఆమెను చూసింది ఊరి గుమ్మం దగ్గర, పుల్లలు ఏరుకుంటుండగా. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అది వండుకుని, కొడుకుతో కలిసి తిని చనిపోవడమే మిగిలిందని ఆమే చెప్పింది. పైగా అది సీదోను ప్రాంతం, యెహోవా ప్రవక్తలను చంపించిన రాణి యెజెబెలు పుట్టిన దేశం. యెహోవాను ఆమె 'నీ దేవుడు' అనే అంది. అయినా ముందు ప్రవక్తకు అప్పం చేసి పెట్టింది. ఇచ్చినదాని బరువు చూస్తే ఆమెకు సాటి ఎవరూ లేరు. కానీ ఆమెను ఏలీయా అడిగాడు, పిండి తక్కువ కాదని మాట కూడా ఇచ్చాడు. విశ్వాసం గురించి చెప్పాలంటే నేనూ ఆమెనే తీసుకుంటాను.

షూనేమీయురాలిని గది కట్టమని ఎవరూ అడగలేదు, ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. భోజనం పెడుతూ పెడుతూ ఎలీషాను గమనించింది. ఈయన ఈ దారిన మళ్లీ మళ్లీ వస్తాడు, విశ్రాంతికి చోటు కావాలి అనుకుంది. భర్తతో చెప్పి మేడ మీద చిన్న గది కట్టించాలని, అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం పెట్టాలని తనే ఆలోచించింది. నాకు ఆ దీపస్తంభం దగ్గర కళ్లు చెమరుస్తాయి. అతిథికి భోజనం పెట్టడం అందరికీ తోస్తుంది. రాత్రి చీకటి పడ్డాక ఆయనకు వెలుతురు కావాలని ఎందరికి తోస్తుంది?

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ తర్వాతి మాట. నీకేం చేయమంటావు, రాజుతో గానీ సేనాధిపతితో గానీ చెప్పమంటావా అని ఎలీషా అడిగించాడు. నేను నా జనుల మధ్యే కాపురముంటున్నాను, అంటే నాకేమీ అక్కర్లేదు అంది, అంతే. ఎలీషా ప్రశ్నను ఆమెకు చేరవేసింది ఆయన సేవకుడు గేహజీ. తర్వాత, ఎలీషా వల్ల కుష్ఠు నయమైన సిరియా సేనాధిపతి నయమాను ఇవ్వబోయిన కానుకలను ప్రవక్త వద్దంటే, అతని వెంట పరుగెత్తి రెండు తలాంతుల వెండి, రెండు జతల బట్టలు తెచ్చుకున్నదీ అతనే. అదే ప్రవక్త దగ్గర పనిచేస్తూ, ఆ ఇంటి అన్నం తింటూ కూడా ఆమె మనసు అతనికి అంటలేదు.

అడక్కుండానే కొడుకు పుట్టాడు. కోతకాలంలో ఒకరోజు తలనొప్పితో తల్లి ఒడిలోనే చనిపోయాడు. ఆమె ఆ పిల్లవాణ్ణి పైకి మోసుకెళ్లి, ప్రవక్త కోసం తను వేయించిన ఆ మంచం మీదే పడుకోబెట్టి, తలుపు వేసి, గాడిదకు గంత కట్టించి కర్మెలు కొండకు బయల్దేరింది.