విజయనగరంలో గేమ్ డెవలప్‌మెంట్ కోర్సుకు 40,000 కట్టే ముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరైనా గేమ్ డెవలప్‌మెంట్ కోర్సులో చేరాలనుకుంటున్నా, పిల్లలను చేర్పించాలనుకుంటున్నా డబ్బు కట్టే ముందు ఒక పావుగంట దీనికి ఇవ్వండి. నేను బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది గజపతినగరం దగ్గర పల్లె. నాన్న దర్జీ. జూన్‌లో విజయనగరంలోని ఒక శిక్షణ సంస్థలో ఆరు నెలల కోర్సుకు చేరాను, నవంబరులో మానేశాను. మానేసినా నాన్న ఖాతాలోంచి ప్రతి నెలా 5వ తేదీన 2,500 రూపాయలు పోతూనే ఉన్నాయి. ఎందుకో కింద చెబుతాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. పేరు రాసినా పెద్ద ఉపయోగం ఉండదేమో, ఇదే బేరం రేపు ఇంకో బోర్డు కింద కూడా జరగవచ్చు.

చేరిన రోజు సంగతి ముందు. కౌన్సెలర్ మేడమ్ పెద్ద తెర మీద ఒక ఆట చూపించారు. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ ముందు ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు, నాలుగు వైపుల నుంచి ఆటోలు దూసుకొస్తుంటాయి, తగలకుండా తప్పించుకోవాలి. ఎంతసేపు తప్పించుకుంటే అన్ని పాయింట్లు. "ఇది మా విద్యార్థులు సొంతంగా చేసిన ఆట తమ్ముడూ, ఆరు నెలల్లో నీ ఆట కూడా ప్లే స్టోర్‌లో ఉంటుంది" అన్నారు. కాంప్లెక్స్ దగ్గర రోజూ అదే అవస్థ పడేవాడిని కదా, మనసు పారేసుకున్నాను. నాన్న మాత్రం తెర వంక కాకుండా రసీదు వంక చూశారు. శిక్షణ 28,000, సాఫ్ట్‌వేర్ లైసెన్సు 6,000, ప్లే స్టోర్ ప్రచురణ 6,000, మొత్తం 40,000. పది వేలు ఆ రోజే నగదుగా ఇచ్చాం. మిగిలిన ముప్పై వేలు "వడ్డీ లేకుండా పన్నెండు వాయిదాలు" అన్నారు. నాన్న ఫోనుకు ఓటీపీ వచ్చింది, మేడమ్ అడిగారు, నాన్న చెప్పారు.

మొదటి రెండు నెలలు నాకు ఏ అనుమానమూ రాలేదు. అచ్చు వేసిన నోట్సు ఇచ్చేవారు. అందులో ఉన్న కోడ్‌ను ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి. నడిస్తే సంతోషం, నడవకపోతే సర్ వచ్చి ఎక్కడ చుక్క పోయిందో వెతికి పెట్టేవారు. ఆయన నాకంటే మూడేళ్లు పెద్ద, అంతే. అదే సంస్థలో అంతకుముందు బ్యాచ్‌లో చదివారట. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకు నేర్పింది కూడా ఆ నోట్సే.

దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. వెళ్లినవారికి తెలుసు, సిరిమాను చివర పూజారి కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంటే జనం అరటిపండ్లు విసురుతారు. ఈసారి నా తల మీద పడిన పండ్లు లెక్కపెట్టుకుంటూ నిలబడినప్పుడే ఆలోచన వచ్చింది. పైనుంచి అరటిపండ్లు పడుతుంటాయి, కింద ఒక బుట్టను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. మూడు నేలపాలైతే ఆట ముగిసినట్టు. మొదటి ఆటకు ఇంతకంటే తేలికైనది ఏముంటుంది? నోట్సులో లేని ఆట, పూర్తిగా నాది. సర్‌కు చెబితే "ఎందుకంత శ్రమ, ఆటోల ఆటలో బొమ్మలు మార్చేయ్, ప్రాజెక్టు అయిపోతుంది" అన్నారు. అయినా ఇంటి దగ్గర పాత ల్యాప్‌టాప్‌లో నాలుగు రాత్రులు కూర్చుని చేశాను.

ఇంట్లో చక్కగా నడిచింది. మరునాడు క్లాసులో పక్కన కూర్చునే మిత్రుడి కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తే పండ్లు వడగళ్లలా పడ్డాయి. బుట్ట కదిపేలోగా ఆట ముగిసింది. సర్‌ను అడిగాను. నా ల్యాప్‌టాప్ పాతదని, అందులో తయారుచేసిన ఆట ఇలాగే ఉంటుందని అన్నారు. సాయంత్రానికి కౌన్సెలర్ మేడమ్ పిలిచి, తమ దగ్గర వాడిన గేమింగ్ ల్యాప్‌టాప్ ఉందని, 32,000కు ఇప్పిస్తామని చెప్పారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాన్నను అడుగుదామనే అనుకున్నాను.

అడగకపోవడానికి కారణం ఒక్క మాట, డెల్టా. ఆటోల ఆటలో కుర్రాడిని కదిపే కోడ్‌లో వేగాన్ని డెల్టా అనేదానితో గుణించి ఉంది. నేను దాన్ని జూలైలోనే టైపు చేశాను. అదేమిటని అప్పుడు అడిగితే "అది అలాగే ఉండాలి, ముట్టుకోకు" అని జవాబు. నా అరటిపండ్ల కోడ్‌లో అది లేదు. తేడా అక్కడేనేమోనని వెతికాను.

విషయం ఇంతే. తెర మీద కదలిక అంటే ఒకదాని వెనుక ఒకటి వచ్చే బొమ్మలు. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. ప్రతి ఫ్రేమ్‌కు పండును 5 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) కిందికి దించమని నేను రాశాను. మా ఇంటి తెర సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుంది కాబట్టి పండు సెకనుకు 300 పిక్సెళ్లు దిగుతుంది. ఆట విండో ఎత్తు 720, అంటే కింద పడడానికి 2.4 సెకన్లు. మిత్రుడి తెర 144 ఫ్రేములది. అక్కడ అదే పండు సెకనుకు 720 పిక్సెళ్లు దిగి ఒక్క సెకనులో నేల మీద ఉంటుంది. డెల్టా అంటే కిందటి ఫ్రేము నుంచి ఈ ఫ్రేముకు గడిచిన సమయం. వేగం 300 అని రాసి దాన్ని డెల్టాతో గుణిస్తే ఏ తెర మీదైనా పండు సెకనుకు 300 పిక్సెళ్లే దిగుతుంది. ఒక్క గుణకారంతో పోయేదానికి నాకు 32,000 రూపాయల ల్యాప్‌టాప్ అమ్మబోయారు.

అయితే ఈ వివరణ నాకు దొరికిన చోటే అసలు గుట్టు బయటపడింది. మేము వాడేది గోడో అనే గేమ్ ఇంజిన్, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ (మా సర్ గోడాట్ అనేవారు). దాని అధికారిక పాఠాల్లో "మీ మొదటి 2డీ ఆట" అని ఒకటి ఉంది. అందులో నేర్పే ఆట పేరు డాడ్జ్ ది క్రీప్స్. మధ్యలో ఒక బొమ్మ, నాలుగు అంచుల నుంచి జీవాలు వస్తాయి, తప్పించుకోవాలి. ఎంతసేపు తప్పించుకుంటే అన్ని పాయింట్లు. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మా నోట్సులోని కోడ్ అదే, వరుస కూడా అదే. తీసేసినవి రెండే రెండు, ప్రతి వరుస ఎందుకో చెప్పే వివరణ, అది ఎక్కడిదో చెప్పే పేరు. డబ్బు కట్టి నేను కొన్నది వివరణ లేని పాఠం. వివరణ ఉన్న పాఠమేమో ఎవరైనా చదువుకునేలా ఉచితంగా ఉంది.

మరునాడు సర్‌ను ఒకటే అడిగాను. కోడ్‌లో ఆటోకు "మాబ్" అనే పేరు ఎందుకుంది? ఆ పాఠంలో శత్రువుల పేరు అది, మావాళ్లు బొమ్మ మార్చారు కానీ పేరు మార్చడం మరిచిపోయారు. ఆయన కాస్త ఆలోచించి "మొబైల్ గేమ్ కదా, మొబైల్‌కు పొట్టి పేరు" అన్నారు. తమాషా ఏమిటంటే ఆ మాట నిజంగానే మొబైల్ నుంచి వచ్చింది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన మడ్ అనే ఆటలో, తమంతట తాము కదిలే ప్రాణులను మొబైల్స్ అనేవారు. అక్కడ మొబైల్ అంటే కదిలేది, జేబులో ఫోను కాదు. పాపం సర్, గురి తప్పినా రాయి తగిలింది.

ఇంట్లో చెబితే నాన్న ఒక్క మాటలో తేల్చేశారు. "రెడీమేడ్ చొక్కాకు బొత్తాలు మార్చి నేనే కుట్టానని చెప్పినట్టుంది" అన్నారు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాఠం చెప్పి డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ట్యూషన్ మాస్టారు ఎక్కాలు కనిపెట్టలేదు కదా, అయినా ఫీజు ఇస్తాం, ఎందుకంటే మన తప్పు దగ్గర ఆయన కూర్చుంటారు. నా గొడవ వేరు. రసీదులో 6,000 "సాఫ్ట్‌వేర్ లైసెన్సు" అని ఉంది. గోడోను అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియల్ మంజూర్ తయారుచేసి 2014లో దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచిపెట్టారు. ఎంఐటీ లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కాకపోతే అసలు కాపీరైటు ప్రకటనను తీసేయకూడదు. ఇన్‌స్టాల్ కూడా చేయనక్కర్లేదు, జిప్ విప్పి తెరవడమే. నా పాత ల్యాప్‌టాప్‌లో అరటిపండ్ల ఆటకు అది ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇంకో సంస్థ యూనిటీ అనే మరో గేమ్ ఇంజిన్ నేర్పుతామని లైసెన్సు డబ్బు అడిగితే, నేర్చుకునేవారికి దాని పర్సనల్ లైసెన్సు కూడా ఉచితమే అని గుర్తుంచుకోండి. బడి పిల్లలైతే వీటి జోలికి వెళ్లకముందే, దిమ్మెలు పేర్చినట్టు కోడ్ పేర్చి ఆటలు చేసే స్క్రాచ్ ఉంది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో దాన్ని విడుదల చేసింది, ఇప్పటికీ ఉచితమే, బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

ప్లే స్టోర్ ప్రచురణ పేరిట తీసుకున్న 6,000 సంగతీ అంతే. డెవలపర్ ఖాతాకు గూగుల్ తీసుకునేది 25 డాలర్లు, అదీ ఒక్కసారే. పైగా వాళ్లు పెట్టేది సంస్థ ఖాతాలో, కాబట్టి ఆట మీద పేరు వాళ్లది. సొంత ఖాతా తెరిస్తే ఒక చిక్కు ఉంది, అది ఎవరూ చెప్పరు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలైతే ఆటను అందరికీ విడుదల చేసే ముందు కొందరు పరీక్షకులతో వరుసగా 14 రోజులు వాడించాలి. మొదట 20 మంది అన్నారు, తర్వాత 12కు తగ్గించారు. పన్నెండు మంది మిత్రులు లేనివారు ఉండరు.

ఇక వాయిదాల సంగతి. ఇది అందరికంటే అమ్మానాన్నలు చదవాలి. నవంబరులో మానేస్తున్నానని కాగితం రాసిచ్చి వాయిదాలు ఆపమన్నాను. "అది మా చేతుల్లో లేదు" అన్నారు. నిజమే, వాళ్ల చేతుల్లో లేదు. ఆ ఓటీపీతో నాన్న పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ 30,000 అప్పు ఇచ్చింది. ఆ డబ్బు జూన్‌లోనే సంస్థకు చేరిపోయింది. మేము కడుతున్నది ఫీజు కాదు, అప్పు. క్లాసు జరిగినా జరగకపోయినా, సంస్థ మూతపడినా అప్పు అప్పుగానే ఉంటుంది, కట్టకపోతే నాన్న క్రెడిట్ స్కోరు పడిపోతుంది. రేపు కుట్టుమిషనుకు బ్యాంకు రుణం కావాలంటే అడ్డు వచ్చేది ఇదే. ఎదుటివారు వాయిదా అంటే "ఇది మీకు కట్టే వాయిదానా, ఇంకెవరి దగ్గరైనా అప్పా?" అని సూటిగా అడగండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పు ఇచ్చేవారు వడ్డీ, ఖర్చులు అన్నీ చూపే ముఖ్య వివరాల పత్రం ముందే ఇవ్వాలి. జరిమానా లేకుండా అప్పు రద్దు చేసుకునేందుకు కనీసం ఒక రోజైనా గడువు ఉండాలి. మాకు ఆ పత్రం ఈమెయిల్‌లో వచ్చిందట. ఆ ఈమెయిల్ తెరిచింది కౌన్సెలర్ మేడమే, నాన్నకు ఈమెయిల్ లేదని ఆమే అప్పటికప్పుడు ఒకటి సృష్టించారు.

చేరే ముందు పరీక్షించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. డెమో ఆట చూపించినప్పుడు కోడ్ తెరవమనండి. ఈ వస్తువు వేగం సగం చేయండి, ఇంకో తెర మీద నడపండి, మూడుసార్లు తగిలితేనే ఓడిపోయేలా మార్చండి అని అడగండి. ఆట తయారుచేసినవారికి ఇవి పది నిమిషాల పనులు. "అవన్నీ నాలుగో నెలలో వస్తాయి" అంటే బయటికి నడవండి. సర్టిఫికెట్ మీద ఎన్ని దేశాల జెండాలు ఉన్నా దాని గురించి మాట్లాడి సమయం పోగొట్టుకోవద్దు.

ఇప్పటికే నాలా ఇరుక్కున్నవారు ముందు 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు సంస్థకు కబురు పంపుతారు, అంతవరకే, తీర్పు చెప్పరు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, పెద్దవాళ్లు ఫోరం అనేది దీన్నే. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. నేను జతచేసినవి రసీదు, ఓటీపీ సందేశం, బ్యాంకు పాసుపుస్తకం నకలు, మానేస్తున్నానని రాసిన కాగితం మీద వాళ్ల ముద్ర. ఆ ముద్ర వేయడానికి వాళ్లు మూడుసార్లు తిప్పారు, మీరూ పట్టు వదలొద్దు. నోట్సు పేజీలను, గోడో పాఠం పేజీలను పక్కపక్కన పెట్టి తీసిన ప్రతులు కూడా ఇచ్చాను.

ఏడు వాయిదాలు పోయాయి, ఇంకా ఐదు, అంటే 12,500. కిందటి వారం సంస్థ నుంచి ఫోను వచ్చింది. లైసెన్సు కింద తీసుకున్న 6,000 వెనక్కి ఇస్తామని, ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అడిగారు. నాన్న ఈసారి ఓటీపీలాంటి సంఖ్య ఏదీ చెప్పలేదు, అదే మాట కాగితం మీద రాసి పంపమన్నారు. ఇంకా రాలేదు.