నల్లగొండ నుంచి దీపస్తంభం చూడబోతే ఏది మేలు?

మా అమ్మ అరవై ఎనిమిదో ఏట మొదటిసారి సముద్రం చూసింది. ఆమె పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం కాబట్టి మోకాళ్లు సరిగా వంగవు. నాలుగు మెట్లు ఎక్కితే ఐదో మెట్టు దగ్గర గోడ పట్టుకుని నిలబడాలి. అలాంటి మనిషి ఒకరోజు, "బిడ్డా, ఓడలకు దారి చూపించే దీపం ఉంటుందట కదా, అది ఒకసారి చూడాలి" అని అడిగింది. ఆ కోరిక తీర్చడానికి కొన్నేళ్ల వ్యవధిలో మూడు ప్రయాణాలు చేశాం. విశాఖ, అంతర్వేది, చెన్నై, మహాబలిపురం: నాలుగు చోట్ల దీపస్తంభాలు చూశాం.

చూశాక నాకు తెలిసింది ఒక్కటే. స్తంభం ఎక్కి, చుట్టూ చూసి, దిగడానికి అరగంట చాలు. మిగిలిన రోజంతా గడిచేది దాని పాదాల దగ్గరే. అందుకే ఎత్తు ఎంత, ఎప్పుడు కట్టారు అన్నవి చూసి ఊరు ఎంచుకుంటే పొరపాటు. చుట్టూ ఎలాంటి నడక ఉంది, అది మన వెంట వచ్చేవారి కాళ్లకు పడుతుందా అన్నది ముందు చూడాలి.

ప్రయాణం విషయంలో మనం అదృష్టవంతులం. బీబీనగర్–నడికుడి రైలు మార్గం మన జిల్లా మధ్యగా పోతుంది. విశాఖ ఎక్స్‌ప్రెస్, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్, చెన్నై ఎక్స్‌ప్రెస్ మూడూ నల్లగొండ, మిర్యాలగూడ మీదుగానే వెళ్తాయి. ఒకే ప్లాట్‌ఫారం మీద నిలబడి మూడు తీరాల్లో దేనికైనా బండి ఎక్కవచ్చు. పాలమూరు వారికి కాచిగూడ నుంచి కర్నూలు మీదుగా చెంగల్పట్టు వైపు వెళ్లే రైలు ఉంది. చెంగల్పట్టులో దిగితే మహాబలిపురం ముప్పై కిలోమీటర్ల దూరమే.

మొదట వెళ్లింది విశాఖకు. డాల్ఫిన్స్ నోస్ అనే కొండ ముక్కు సాచినట్టు సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. 1957 నుంచి అక్కడ దీపస్తంభం వెలుగుతోంది. వాహనం కొండ మీదికే వెళ్తుంది కనుక పెద్దవారికి నడిచి ఎక్కే పని తక్కువ. పై నుంచి చూస్తే ఓడరేవులోకి వెళ్లే కాలువ, అందులోకి మెల్లగా జరిగే ఓడలు కనిపిస్తాయి. కాలువకు అవతల వరసగా మూడు గుట్టలు: ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద చర్చి, ఇంకొకదాని మీద దర్గా. ఓడ ఎక్కడికి రావాలి, దానికి దీపం ఎందుకు కావాలి అన్నది పిల్లలకు అర్థం కావాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. కానీ నడక లేదు. అది నౌకాదళం ఉండే ప్రాంతం, మన ఇష్టం వచ్చినట్టు తిరగడానికి వీలుండదు. గుర్తింపు కార్డు వెంట ఉండాలి. కొండకు అవతల యారాడ బీచ్ ఉంది. మూడు వైపులా కొండలతో చాలా అందంగా ఉంటుంది కానీ అక్కడి అలలు నమ్మదగినవి కావు. చెరువులో ఈత నేర్చుకున్న మన పిల్లలను అక్కడ నీళ్లలోకి దిగనివ్వకండి.

విశాఖలో ఒక పాఠం కూడా నేర్చుకున్నాం. స్తంభం మీదికి సందర్శకులను మధ్యాహ్నం తర్వాత కొద్దిసేపే అనుమతిస్తారు. మాకు కారు మాట్లాడిపెట్టిన ఒక ట్రావెల్స్ వారు ఆ సంగతి చెప్పలేదు. దారిలో మూడు దుకాణాల దగ్గర ఆపి, గేటు మూసే వేళకు తీసుకెళ్లారు. అమ్మ అంత దూరం వచ్చి, స్తంభాన్ని కింది నుంచే చూసి తిరిగి వచ్చింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా వేళలు నేనే కనుక్కుంటున్నాను. దీపస్తంభాలకు వారంలో సెలవు రోజు ఉండవచ్చు, అదీ అడగాలి.

రెండోసారి అంతర్వేది. ఇది అమ్మ ఎంచుకున్నది. యాదగిరిగుట్ట, మట్టపల్లి, వాడపల్లి నరసింహులను కొలిచే ఇంట్లో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి పేరు తెలియనివారు ఉండరు. నర్సాపూర్‌లో రైలు దిగి, పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లి ఒడ్డున ఆటో ఎక్కాం. పంటు మీద మనుషులు, మోటారు సైకిళ్లు, కొబ్బరి బొండాల బస్తాలు, అన్నీ కలిసే వస్తాయి. అమ్మ రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఆ వెడల్పు చూసి చాలాసేపు మాట్లాడలేదు. నదుల్లో అంతవరకు ఆమె చూసిన పెద్ద నీళ్లు వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటే.

అంతర్వేదిలో ఎత్తు ఎక్కే పని లేదు, అంతా చదును. గుడి నుంచి తీరం వెంట పోతే నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. దాన్ని అన్నాచెల్లెలి గట్టు అంటారు. ఇసుక మేట గట్టులా సాగి ఉంటుంది. దానికి ఒక పక్క నీళ్ల రంగు ఒకటి, రెండో పక్క ఇంకొకటి. అమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని తడి ఇసుక మీద నడిచింది. పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది కానీ తడి ఇసుక గట్టిగా ఉంటుంది, కీళ్ల నొప్పులున్నవారికి ఇది తెలిస్తే సగం బాధ తప్పుతుంది. ఊళ్లోని దీపస్తంభాన్ని కింది నుంచే చూసి ఊరుకున్నాం. నదీ ముఖంలో ఇసుక మేటలు ఏటా చోటు మారుస్తాయి. రాత్రి చేపల వేట నుంచి తిరిగి వచ్చే పడవకు ఒడ్డు ఎటు ఉందో చెప్పడానికి కదలని గుర్తు ఒకటి కావాలి. ఆ నేల మీద నడిచినప్పుడే ఈ సంగతి నాకు బోధపడింది.

కష్టాలూ ఉన్నాయి. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి, అప్పుడు జనం విపరీతం. అక్టోబరు, నవంబరు తుపాను రోజులు. ఎండాకాలంలో తీరాన నీడ దొరకదు.

మూడో ప్రయాణంలో చెన్నై, మహాబలిపురం రెండూ చూశాం. చెన్నై మెరీనా దీపస్తంభాన్ని అమ్మ కోసమే ఎంచుకున్నాను, ఎందుకంటే అందులో లిఫ్టు ఉంది. ఎరుపు, తెలుపు పట్టీలతో మూడు మూలల స్తంభం అది, 1977లో ప్రారంభమైంది. అంతకుముందు చెన్నై దీపం హైకోర్టు భవనం గోపురం మీద వెలిగేది. లిఫ్టు దిగి, నా భుజం పట్టుకుని, అమ్మ జీవితంలో మొదటిసారి దీపస్తంభం పై నుంచి, పక్షి చూసినట్టు, సముద్రాన్ని చూసింది. "నీళ్లు ఇంత దూరం ఉంటే మనకెందుకు లేవురా" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ దూరం గురించి ఒక లెక్క చెప్పాలి. ఒడ్డున నిలబడితే మన కంటికి సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దాకానే కనిపిస్తుంది, ఆ తర్వాత భూమి గుండ్రంగా వంగిపోతుంది. యాభై మీటర్ల ఎత్తుకు వెళితే పాతిక కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. దీపాన్ని అంత పైన పెట్టేది ఇందుకే. మనకు పై నుంచి సముద్రం ఎంత దూరం కనిపిస్తుందో, అంత దూరంలోని పడవకు దీపం కనిపిస్తుంది.

స్తంభం కింద మెరీనా నడక మాత్రం అమ్మలాంటివారికి అంత సులువు కాదు. ఇసుక చాలా వెడల్పు, రోడ్డు నుంచి నీళ్ల దాకా వెళ్లేసరికి కాళ్లు లాగేస్తాయి. వివేకానంద ఇల్లానికి ఎదురుగా, చక్రాల కుర్చీలో వచ్చేవారు కూడా అలల దాకా వెళ్లేలా చెక్క బాట ఒకటి వేశారు. 2022లో వేసిన ఆ బాట మాకు ఎంతో మేలు చేసింది. వివేకానంద ఇల్లం ఒకప్పటి మంచు గోదాము. 1842లో కట్టారు, అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచు గడ్డలను అందులో దాచేవారు. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశాడు.

ఇక మహాబలిపురం. చెన్నైకి దక్షిణాన యాభై అయిదు కిలోమీటర్ల పైచిలుకు, తీరం రోడ్డు మీద బస్సులు వెళ్తాయి. కాళ్లు బాగున్నవారు ఒక్క చోటికే వెళ్లగలిగితే ఇక్కడికే వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను. కారణం దీపస్తంభం కన్నా దాని పక్కనున్న గుడి.

గ్రానైట్ గుట్ట మీద, మహిషాసురమర్దిని గుహకు సరిగ్గా పైన, ఒలక్కణ్ణేశ్వర ఆలయం ఉంది. పల్లవుల కాలపు కట్టడం. 19వ శతాబ్దం చివర ఓడల కోసం దీపాన్ని ఈ గుడి పైకప్పు మీదే పెట్టారు. ఆ తర్వాత పక్కనే రాతితో గుండ్రటి స్తంభం కట్టి దీపాన్ని అందులోకి మార్చారు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా శివలింగం వెనుక గోడ మీద నీడ పడడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. వెలుతురును ఎటు మళ్లించాలో తెలిసిన శిల్పులు మన దగ్గరా ఉన్నారు. అయినా సముద్రంలోని మనిషి కోసం దీపం మోసిన గుడి ముందు నిలబడినప్పుడు నాకు చేతులు వాటంతట అవే జోడయ్యాయి.

స్తంభం లోపల మెట్లు ఇరుకు. పైకి వెళ్లేకొద్దీ ఇంకా ఇరుకు, ఎదురుగా ఎవరైనా వస్తే గోడకు ఒదిగి నిలబడాలి. అమ్మను రమ్మనలేదు. ఆమెను గుట్ట కింద, రోడ్డు పక్కనే ఉన్న అర్జునుడి తపస్సు శిల్పం ఎదుట కూర్చోబెట్టి, నేనూ తమ్ముడూ ఎక్కాం. పైన గాలి గట్టిగా కొడుతుంది. తూర్పున తీరాలయం అగ్గిపెట్టె అంత కనిపిస్తుంది, దక్షిణాన పంచ రథాలు, పడమరన పచ్చటి పొలాలు.

గంట తర్వాత దిగివస్తే అమ్మ కూర్చున్న చోటే ఉంది, కానీ అంతసేపూ ఖాళీగా లేదు. బండ మీది బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. పెద్ద ఏనుగు కాళ్ల సందున దూరిన గున్నలను, ఒంటికాలి మీద తపస్సు చేస్తున్న పిల్లిని, దాని చుట్టూ ఎలుకలను నాకు చూపించింది. అది అర్జునుడా, గంగ కోసం నిలబడ్డ భగీరథుడా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. బండ మధ్యలోని చీలిక, అందులో పైకి పాకే నాగులు చూసిన అమ్మకు సందేహమే లేదు: "నీళ్ల కోసం ఇంత తపస్సు చేసేది భగీరథుడే." ఇంకోచోట రాయిని చీల్చడానికి వరసగా తొలిచి వదిలేసిన గుంటలున్నాయి. మన గుట్టల దగ్గర రాళ్లు కొట్టినచోట అలాంటివి ఎన్నో చూశాం. ఆ సాయంత్రం అమ్మ నడిచింది కొద్ది దూరమే, అదీ రోడ్డు మీదే. మెట్లెక్కలేని మనిషికి కూడా ఇంత దక్కే ఊరు నేను ఇంకొకటి చూడలేదు. రథాలు, తీరాలయం కూడా నేల మట్టం మీదే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు, ఆ బండ మీద పాదం పెట్టలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు. జనవరి, ఫిబ్రవరి మంచివి.

మహాబలిపురానికి ఇంకో మేలు ఉంది. సందర్శకుల వేళ చీకటి పడకముందే ముగుస్తుంది. పగలు ఎక్కి దిగి రైలుకు పరుగెత్తేవారు దీపం వెలగడం చూడనే చూడరు. ఇక్కడ బస ఊళ్లోనే దొరుకుతుంది కాబట్టి రాత్రి భోజనం చేసి బయటికి వచ్చి చూశాం. ఒక్కో దీపస్తంభానికి ఒక్కో లయ ఉంటుంది. ఎన్ని క్షణాలకు ఒకసారి మెరుస్తుందో లెక్కపెట్టి, అది ఏ ఊరి దీపమో ఓడవారు పోల్చుకుంటారు. అమ్మ వేళ్ల మీద లెక్కపెడుతూ వీధి మధ్యలో నిలబడిపోయింది.

ఈ మాట ఇంట్లో వస్తే నాకూ అమ్మకూ ఇప్పటికీ కుదరదు. నేను మహాబలిపురం అంటాను, ఆమె అంతర్వేది అంటుంది. చిన్న పిల్లలున్న మా తమ్ముడు విశాఖ అంటాడు. కల్యాణం రద్దీ తగ్గాక వెళ్లడానికి మళ్లీ నర్సాపూర్‌కే టికెట్లు తీశాను. పోయినసారి పంటు వేళ దాటిపోతుందని సాయంత్రమే వెనుదిరిగాం. ఈసారి తిరుగు రైలు మర్నాటికి పెట్టాను, చీకటి పడ్డాక అక్కడి దీపం ఎన్ని లెక్కలకు మెరుస్తుందో అమ్మ చూస్తానంది.