బరంపురం చుట్టుపక్కల హిప్ సీటు: ఎక్కడ కట్టుకోవాలి, ఎక్కడ విప్పాలి

ఏడాది దాటిన పిల్లలతో బజారుకెళ్లేవాళ్లకు ఈ వరస తెలిసిందే. ఐదు నిమిషాలు నడుస్తారు. ఆరో నిమిషానికి రెండు చేతులూ పైకెత్తేస్తారు. ఎత్తుకున్న రెండు నిమిషాలకే దిగిపోతామని గింజుకుంటారు. ఇల్లు చేరేసరికి ఎత్తుకున్నవాళ్ల నడుం ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. తోపుడు బండి కొందామా అంటే, ఒడిశాలోని బరంపురం పెద్దబజారు సందుల్లో దాన్ని నడపడం ఒక విద్య. కాలవ మీది పలక దాటితే అడ్డంగా నిలబెట్టిన మోటారు సైకిలు, అది దాటితే ఆవు. గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డు ఇసకలో చక్రాలు దిగబడిపోతాయి. అందుకే ఈ ప్రాంతానికి హిప్ సీటే నయం. దుకాణంలో బేబీ బెల్టు అని అడిగినా ఇస్తారు. అయితే దాన్ని కట్టుకోవడం కన్నా ఎప్పుడు విప్పేయాలో తెలుసుకోవడమే ముఖ్యం.

వస్తువు చాలా సాదా. నడుముకు వెడల్పాటి బెల్టు, దానికి ముందువైపు చిన్న పీటలా పొడుచుకొచ్చిన గట్టి ఫోమ్ దిమ్మ. పిల్లాడు పీట మీద కూర్చుంటాడు, బరువు మన చేతి నుంచి నడుముకు దిగుతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి ఉత్తి పీట. రెండోది పీటతో పాటు పిల్లాడి వీపును పట్టి ఉంచే పైభాగం, భుజాల పట్టీలు ఉన్నది. ఈ పైభాగం జిప్పుతో ఊడి వస్తుంది. ఉత్తి పీట వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది, రెండోది దానికి రెట్టింపు. డబ్బు మిగిలింది కదా అని చాలామంది మొదటిదే కొంటారు. కానీ ఉత్తి పీట మీద పిల్లాడిని కట్టేదేమీ ఉండదు, మన చెయ్యి ఒకటి ఎప్పుడూ వీపు వెనక ఉండాల్సిందే. కూరగాయలు ఏరుతూ, ఫోన్‌లో డబ్బు కడుతూ రెండో చెయ్యి కూడా వదిలేశారా, వాడు వెనక్కి విల్లులా వంగుతాడు. పైభాగం ఊడదీసే రకం కొంటే ఇంట్లో పీటగా, జనంలో కట్టుగా రెండు పనులకూ వస్తుంది.

కొనేముందు తూకం వేసి చూడాలి. డబ్బా మీద 20 కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు. సామాన్యంగా ఏడాది పిల్లలు 9 కిలోల చుట్టూ ఉంటారు, రెండేళ్లకు 12కి చేరతారు. పది కిలోల బియ్యం సంచి పీట మీద పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, ఇంట్లోనే పది నిమిషాలు నడవండి. నడిచాక బెల్టును అంటించి ఉంచే గరుకు పట్టీ, అంటే వెల్క్రో, ఎంత జారిందో చూడండి. వేలెడు జారితే సర్దుకుపోవచ్చు. నాలుగు వేళ్లు జారితే తిరిగి పంపేయడమే మంచిది. పీట పైభాగం నున్నటి నైలాన్ అయితే జారుడుబండే. దాని మీద రబ్బరు చుక్కలు అద్ది ఉంటే పిల్లాడి పంట్లాం పట్టుకుంటుంది. పీట చదునుగా కాక లోపలికి, అంటే మన పొట్టవైపు కాస్త వాలి ఉండాలి. బయటికి వాలిందంటే ఎంత బిగించినా పిల్లాడు ముందుకు జారుతూనే ఉంటాడు.

కట్టుకునే పద్ధతి దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. ప్యాంటు బెల్టు ఉండేచోట కట్టకూడదు. అక్కడైతే పీట కిందికి వేలాడి, తొడలకు తగిలి, అడుగు తీసి అడుగు వేయనివ్వదు. తుంటి ఎముకల పైన, బొడ్డు ఎత్తులో రావాలి. పొట్ట లోపలికి లాగి ముందు వెల్క్రో అంటించాలి, ఆ తర్వాత బకిల్. బకిల్ పక్కన ఒక చిన్న ఎలాస్టిక్ ఉచ్చు కనిపిస్తుంది. అది అలంకారానికి కాదు, పిల్లాడి కాలు తగిలి బకిల్ ఊడిపోతే బెల్టును ఆపేది అదే. బకిల్‌ను ముందు ఆ ఉచ్చులోంచి దూర్చి, తర్వాతే నొక్కాలి. బెల్టుకూ నడుముకూ మధ్య రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. కాన్పు ఆపరేషన్ అయినవాళ్లకు బెల్టు అంచు సరిగ్గా కోత మీద ఒత్తుకుంటుంది. డాక్టరు సరే అనేదాకా పిల్లాడిని నాన్నే మొయ్యాలి.

చీర మీద కట్టుకునేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. వెల్క్రో గరుకు ముఖం పట్టుకు శత్రువు. బరంపురం పట్టుచీర కట్టి, దాని మీద ఈ బెల్టు చుట్టి గుడికి బయల్దేరితే, విప్పేటప్పుడు కుంభం అంచులోంచి పోగులు లేచొస్తాయి. పాత నూలు తువ్వాలు ఒకటి నడుముకు చుట్టి దాని మీద బెల్టు వేస్తే చీర బతుకుతుంది. కుచ్చిళ్లు కూడా జారవు.

పిల్లాడు సాయం లేకుండా కూర్చోవడం వచ్చాకే ఈ పీట ఎక్కించాలి, మెడ నిలబడితే చాలదు. కూర్చున్నాక మోకాళ్లు పిరుదుల కన్నా కొంచెం పైకి, తొడలు మన నడుముకు రెండు పక్కలా పరుచుకుని ఉండాలి. కాళ్లు తిన్నగా కిందికి వేలాడుతుంటే పీట వాడికి సరిపోలేదనే అర్థం. ముఖం బయటికి పెట్టి కూర్చోబెట్టడం చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ పావుగంట చాలు. కునుకు తీయగానే తల ముందుకు వాలుతుంది, వెంటనే మనవైపు తిప్పుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనకూడదు, ముక్కూ నోరూ బట్టలో పూడకూడదు. పెట్టె మీద ఏ భాషలోనూ రాయని సంగతి మరొకటి: వెండి మొలతాడు మువ్వలు పీటకూ తొడకూ మధ్య పడి ఎర్రగా అచ్చులు దేలుస్తాయి, కాలి పట్టీల కొక్కెం పక్క జాలీలో చిక్కుకుంటుంది. వాడు ఎందుకు ఏడుస్తున్నాడో తెలియక పాలు పట్టి, బిస్కెట్టు ఇచ్చి, చివరికి దిష్టి తీసేదాకా పోతుంది వ్యవహారం.

ఇక ఎక్కడ ఎలా పనికొస్తుందో చూద్దాం. బరంపురం ఉన్న గంజాం జిల్లాలో దీనికి అసలు పరీక్ష తారాతారిణి అమ్మవార్ల గుడి. పురుషోత్తంపూర్ దగ్గర ఋషికుల్య ఒడ్డున కొండ, 999 మెట్లు. చైత్ర మంగళవారాల్లో పుట్టెంట్రుకలు తీయించడానికి వచ్చే పిల్లలతో కొండ నిండిపోతుంది. మెట్లు ఎక్కేటప్పుడు హిప్ సీటు నిజంగానే ఆదుకుంటుంది. దిగేటప్పుడు మాత్రం ప్రమాదం. పొట్ట ముందు పీట, పీట మీద పిల్లాడు ఉంటే కింది మెట్టు కనబడదు. ఎక్కడం మెట్ల మీదుగా ఎక్కినా, దిగడం రోడ్డు మీదుగానో రోప్‌వేలోనో దిగండి. మెట్లే దిగక తప్పదంటే పీటను పక్కకు, తుంటి మీదికి తిప్పుకుని, రెండో పక్క చేత్తో పిట్టగోడ పట్టుకోవాలి. జనం తోసుకునేచోట పీట ముందుకు పొడుచుకొచ్చి పక్కవాళ్ల మోచేతులు సరిగ్గా పిల్లాడి మోకాళ్లకు తగులుతాయి, అక్కడ పైభాగం తప్పకుండా తగిలించాలి. గుండు చేసేటప్పుడు మేనమామ ఈ పీట మీదే కూర్చోబెట్టుకుందాం అనుకుంటాడు. వద్దు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే దిమ్మ పొట్టలో గుచ్చుకుంటుంది, పిల్లాడు మంగలి చేతికి కావలసినదాని కన్నా జానెడు ఎత్తులో ఉంటాడు. విప్పి పక్కన పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. గుండుకు రాసిన పసుపు పైభాగానికి అంటుకుంటే గాభరా పడొద్దు. ఉతికి ఎండలో వేస్తే నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది.

గోపాల్‌పూర్‌కు వెళ్తే ఒడ్డున నడిచేంతవరకు దీన్ని మించింది లేదు. నీళ్లలో అడుగు పెట్టే ముందు మాత్రం విప్పేయండి. ఆ సముద్రం మోటుది, అల వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింద ఇసక కరిగిపోతుంది. మనం పడితే నడుముకు కట్టిన పిల్లాడు మనతోపాటు, మన కిందే పడతాడు.

చిలికా సరస్సు దగ్గర ఇంకా గట్టిగా చెప్పాలి. రంభ నుంచి బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్‌కైనా, బర్‌కుల్ నుంచి కాళీజాయి గుడికైనా, పడవ ఎక్కే రేవులోనే హిప్ సీటు విప్పి సంచిలో పెట్టేయాలి. లైఫ్ జాకెట్, హిప్ సీటు కలిసి కుదరవు. జాకెట్ మీద బెల్టు కడితే జాకెట్ పనిచేయదు, బెల్టు మీద జాకెట్ వేస్తే పడవ ఒరిగినప్పుడు బకిల్ అందదు. పెద్దవాళ్ల జాకెట్ రెండేళ్ల పిల్లాడికి తొడిగితే నీళ్లలో అది గడ్డం దాటి పైకి లేస్తుంది, వాడు కిందినుంచి జారిపోతాడు. పిల్లల సైజుది, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది ఉందా అని టికెట్టు కోయించకముందే అడగాలి. లేదంటే ఆ పూట ఒడ్డునుంచే పక్షుల్ని చూపించండి. చిలికాలో చాలాచోట్ల లోతు తక్కువే కదా అంటారు. ఆ లోతు మన కొలతతో చెప్పింది, రెండేళ్ల గుంటడి కొలతతో కాదు.

తప్తపాణిలో వేణ్నీళ్ల ఊట దగ్గర పిల్లాడిని కింద వదలకుండా పీట మీదే ఉంచుకోవచ్చు. కానీ తడి రాళ్ల అంచుకు వెళ్లొద్దు, మన పాదాలు మనకు కనబడవు. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో ముఖం లోపలికే ఉంచండి. వాయిద్యాల హోరు మొదలైతే పిల్లాడికి దాక్కోవడానికి ఒక ఛాతీ ఉండాలి.

రైలు విషయానికొస్తే, ఐదేళ్లలోపు పిల్లలకు విడి బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు, అంటే విశాఖ దాకా ఒళ్లోనే ప్రయాణం. స్టేషన్ వంతెన ఎక్కిదిగడానికి హిప్ సీటు బాగుంటుంది. పెట్టె ఎక్కేటప్పుడు మాత్రం పీట మనిషిని నిచ్చెన నుంచి బయటికి నెడుతుంది, కడ్డీ పట్టుకున్న చెయ్యి చాలదు. ఒకరు ముందు ఎక్కి, రెండోవారు కింద నుంచి పిల్లాడిని అందించాలి. లోపల కూర్చున్నాక విప్పేస్తే నడుముకీ హాయి.

అన్నిటికన్నా చెడ్డ వాడకం స్కూటీ మీద. పీట కట్టుకుని, పిల్లాడిని ఇద్దరి మధ్య ఇరికించి, హార్నెస్, అంటే పిల్లాడిని కట్టి ఉంచే పట్టీలు, ఉందిగా అంటారు. అది హార్నెస్ కాదు. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, ద్విచక్ర వాహనం మీద నాలుగేళ్లలోపు పిల్లలను నడిపేవారికి జతచేసే సేఫ్టీ హార్నెస్ ఉండాలి. తొమ్మిది నెలలు దాటితే తలకు సరిపడే హెల్మెట్ పెట్టాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ హార్నెస్ 30 కిలోల బరువు తట్టుకునేలా తయారవ్వాలి. హిప్ సీటు వెల్క్రో నడకకు కుట్టింది, బ్రేకు కుదుపుకు కాదు. కారులోనూ అంతే. ఇంట్లో పొయ్యి దగ్గర కూడా కట్టుకోవద్దు, పీట పిల్లాడి చేతిని సరిగ్గా గిన్నె ఎత్తుకు తెస్తుంది.

మన తీరంలో దీనికి పెద్ద శత్రువు ఉక్కపోత. రెండు ఒళ్లు ఆనుకుని, మధ్య ఫోమ్ ఉంటే అరగంటలో ఇద్దరూ తడిసిపోతారు, మర్నాటికి పిల్లాడి పొట్ట మీద చెమటకాయలు. వీపు భాగం జాలీగా ఉన్నదే తీసుకోండి, మనిద్దరి మధ్య పల్చటి నూలు గుడ్డ వేయండి. ఇరవై నిమిషాలకోసారి దించి నీళ్లు పట్టండి. ఎండాకాలం పదకొండు నుంచి నాలుగు దాకా దీన్ని తలుచుకోకపోవడమే మంచిది.

పీట కింద ఉండే జిప్పు అరలో ఒక డైపరు, తడి తుడుపుల చిన్న ప్యాకెట్టు పడతాయి. నీళ్ల సీసా కుక్కితే పీట ముందుకు తూలుతుంది. కొన్నిట్లో ఈ జిప్పు కిందివైపుకు తెరుచుకుంటుంది. ఇల్లు చేరేసరికి తాళాలు ఉండవు.

ఉతికేటప్పుడు ఫోమ్ దిమ్మను జిప్పు తీసి బయటికి తీయాలి, దాన్ని నానబెట్టకూడదు. వెల్క్రో రెండు ముఖాలూ ఒకదానికొకటి అంటించి ఉతికితే పీచు పట్టదు. పట్టిన పీచును పాత టూత్‌బ్రష్‌తో గీకేయాలి, లేకపోతే ఆరు నెలలకే పట్టు వదిలేస్తుంది. సముద్రం నుంచి వచ్చిన రోజే బకిల్‌ను మంచినీళ్లలో జాడించాలి. ఇసక రేణువు ఒకటి లోపల ఉండిపోతే టక్కుమని చప్పుడు వస్తుంది గానీ పూర్తిగా పడదు. నొక్కాక ఒకసారి లాగి చూడటం అలవాటు చేసుకోండి. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పడుతుంది కాబట్టి రేపు ప్రయాణమనగా ఇవాళ ఉతకొద్దు.

రెండున్నరేళ్లకు పిల్లాడు దీన్ని దాటిపోతాడు, బరువు 13 కిలోలు దాటితే మన నడుమే వద్దంటుంది. అప్పుడు చుట్టాలింటికి ఇచ్చేయొచ్చు. ఇచ్చే ముందు బెల్టు పీటకు కలిసేచోట కుట్టు నాలుగు మూలలూ వేలితో తడిమి చూడండి. ఒక్క మూలలో దారం లేచినా ఇవ్వకండి, కత్తిరించి పారేయండి. దిమ్మను మాత్రం ఉంచుకోవచ్చు, అరుగు మీద కూర్చుని కూరలు తరిగేటప్పుడు పీటగా పనికొస్తుంది.