డైక్లోఫెనాక్ జెల్: చల్లదనం ఒకటి, మందు ఇంకొకటి

రోజంతా కత్తెర పట్టడంతో నాకు కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. పెళ్లిళ్ల సీజన్‌లో బ్లౌజులు కుట్టేవాళ్లకి ఇది మామూలే. ఈసారి జెనరిక్ షాపులో డైక్లోఫెనాక్ జెల్ తీసుకున్నాను. పేరున్న కంపెనీల ట్యూబులూ వాడినదాన్నే. ధరలో చాలా తేడా ఉంది, పనిలో మాత్రం నాకేమీ కనిపించలేదు.

అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి: డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం, అవిసె నూనె 3, మిథైల్ సాలిసిలేట్ 10, మెంథాల్ 5. రాయగానే చల్లగా తగిలి "అమ్మయ్య, తగ్గింది" అనిపించేది మెంథాల్ వల్ల. అసలు మందు నిదానంగా పనిచేస్తుంది. దెబ్బతిన్న చోట మన ఒంట్లోని కాక్స్ అనే ఎంజైము ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేస్తుంది. వాపు రావడానికీ, ముట్టుకుంటే జివ్వుమనడానికీ అవి పెద్ద కారణం. డైక్లోఫెనాక్ ఆ ఎంజైముకే అడ్డుపడుతుంది. ఆస్పిరిన్‌దీ ఇదే దారి. 1899 నుంచి అమ్ముతున్నా, అది ఇలా పనిచేస్తుందని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త తేల్చింది 1971లో! అన్నాళ్లూ జనం గుడ్డిగానే మింగారన్నమాట.

ఒకసారి రాసి లాభం లేదని పారేయకండి. పూటపూటా రాస్తే వారం తిరిగేసరికి నాకు కత్తెర పట్టు కుదిరింది. నడుం నొప్పికి మాత్రం డబ్బు దండగ. నొప్పి లోతుగా ఉంటే జెల్ అక్కడిదాకా చేరదు.

మాత్రే వేసుకోవచ్చుగా అంటారు. కడుపు లోపలి పొరను కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర ఒళ్లంతా తిరిగి వాటినీ తగ్గించేస్తుంది. మా అత్తయ్యకి బీపీ, కిడ్నీ సమస్య రెండూ ఉన్నాయి, అందుకే డాక్టరుగారు నొప్పి మాత్రల జోలికే వెళ్లొద్దన్నారు. జెల్ నుంచి రక్తంలో కలిసేది మాత్రతో పోలిస్తే సుమారు 6 శాతమే. అయినా ఆయన్ని అడిగాకే ఆవిడ మోకాళ్లకి రాస్తున్నాను. ఆస్పిరిన్ పడని ఆస్తమా వాళ్లు జెల్ అయినా సరే అడగకుండా రాసుకోకూడదు.

ఇక నా గొడవ జిడ్డుతో. ఏ కంపెనీదైనా అంతే. రాసుకున్న చేత్తో పట్టు ముక్క ముట్టుకున్నామా, మచ్చ ఖాయం. టాల్కం పౌడర్ చల్లి రాత్రంతా ఉంచినా నీడలా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే కటింగ్ ఉన్న పూట రాయను, కాజాలూ హుక్సులూ అమ్మాయిలకి అప్పజెప్పాకే ట్యూబు తీస్తాను.