స్మార్ట్ ఈక్యూ ఫోర్‌టూ కాబ్రియో: చాలాకాలం వాడాక నా మాట

స్మార్ట్ కంపెనీ తెచ్చిన చిన్న ఎలక్ట్రిక్ కారు ఇది. పొడవు 2.69 మీటర్లు, రెండే సీట్లు, వెనక 60 కిలోవాట్ల మోటారు, 17.6 కిలోవాట్ అవర్ బ్యాటరీ. జర్మనీ సిటీల్లో తిరగడానికి ఇంతకంటే హాయైన ఓపెన్ టాప్ కారు నాకు కనిపించలేదు. హైవే ఎక్కితే మాత్రం దీని పరిమితి వెంటనే తెలిసిపోతుంది.

కన్వర్టిబుల్, అంటే టాప్ తెరుచుకునే కారు అనగానే ముందు బాడీ సమస్య. పైకప్పు కోసేస్తే మెలి తిరగకుండా ఆపే బలం పోతుంది. గతుకుల్లో అద్దం చట్రం, డ్యాష్‌బోర్డు వణికేది అందుకే. ఆ బలం తిరిగి రావాలంటే ఇంకో చోట స్టీలు కలపాలి, బరువు పెరుగుతుంది. ఇందులో అడుగున అడ్డంగా, ఐమూలగా స్టీలు బద్దీలు బిగించి, సీట్ల వెనకున్న చట్రాన్ని అలాగే ఉంచేశారు. బట్ట టాప్ రెండు పక్కల రెయిల్స్ మీద వెనక్కి జారుతుంది కాబట్టి 12 సెకన్లలో, ఎంత స్పీడులో ఉన్నా తెరుచుకుంటుంది. రెయిల్స్ కూడా తీసి డిక్కీ తలుపులో పెట్టుకోవచ్చు. కానీ వాటిని మళ్లీ బిగించేదాకా టాప్ మూయలేం. మబ్బు పట్టిన రోజు వాటి జోలికి పోకండి.

అసలు పరీక్ష చలికాలంలో. బ్యాటరీలో వాడుకోగలిగేది 16.7 యూనిట్లు (యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్). సిటీలో వంద కిలోమీటర్లకు 14 యూనిట్లు అనుకుంటే దాదాపు 120 కిలోమీటర్లు వెళ్తుంది. ఇప్పుడు 2 కిలోవాట్ల హీటర్ వేసి, సగటున 25 కిలోమీటర్ల వేగంతో నడపండి. వంద కిలోమీటర్లకు నాలుగు గంటలు, అంటే హీటరే 8 యూనిట్లు తినేస్తుంది. రేంజ్, అంటే ఒక్క చార్జికి వెళ్లే దూరం, 76 కిలోమీటర్లకి పడిపోతుంది. ట్రాఫిక్ ఎంత నెమ్మదిగా కదిలితే దెబ్బ అంత ఎక్కువ. బయల్దేరే ముందు ప్లగ్‌లో ఉండగానే క్యాబిన్ వేడి చేసుకోండి, తర్వాత సీటు హీటర్‌తో సరిపెట్టుకోండి.

ఏ సాఫ్ట్ టాప్‌కైనా పాటించాల్సినవి: తడిగా ఉండగా మడవొద్దు, బూజు పడుతుంది. గడ్డకట్టే చలిలో అస్సలు తెరవొద్దు, బట్ట బిగుసుకుని మడత దగ్గర చిట్లుతుంది. ప్రెజర్ వాషర్ దగ్గరగా పెడితే కుట్లలోంచి నీళ్లు దిగుతాయి. మెత్తటి బ్రష్, తక్కువ గాఢత షాంపూ చాలు. రబ్బరు సీళ్లకు అప్పుడప్పుడు సిలికాన్ రాయండి, లేకపోతే ఎండిపోయి కిర్రుమంటాయి. ఇంజిన్ చప్పుడు లేని కారులో ఆ కిర్రు చెవిలోనే వినిపిస్తుంది.

ఈ తరహా కార్లు ఎందుకు పెరగట్లేదంటే ఖర్చే కారణం. టాప్ మెకానిజం, అదనపు స్టీలు, విడి అచ్చులు: ఈ ఖర్చంతా తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే చిన్న కారు మీద పడుతుంది. 2023లో మినీ కంపెనీ ఎలక్ట్రిక్ కన్వర్టిబుల్ 999 కార్లకే పరిమితమైంది. ఫోర్‌టూ తయారీ 2024లో ఆగిపోయింది. 42 యూనిట్ల ఫియట్ 500ఈ కాబ్రియో రేంజ్ బెంగ తీరుస్తుంది, ఫాస్ట్ చార్జింగూ ఉంది. అయితే దాని పక్క రెయిల్స్ ఊడి రావు, పూర్తిగా ఆరుబయట కూర్చున్న సుఖం అందులో దొరకదు. నా ఓటు ఇప్పటికీ ఫోర్‌టూకే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒకటి తప్పక చూడండి. దీనికి డీసీ ఫాస్ట్ చార్జింగ్ లేదు. 22 కిలోవాట్ల ఆన్‌బోర్డ్ చార్జర్ (కారులోనే అమర్చిన చార్జర్) ఆప్షన్ ఉన్న బండి 10 నుంచి 80 శాతానికి 40 నిమిషాల లోపే ఎక్కుతుంది, 4.6 కిలోవాట్లదైతే అదే పనికి మూడున్నర గంటలు. రంగు, చక్రాలు తర్వాత చూసుకోవచ్చు, 22 కిలోవాట్లది దొరికేదాకా ఆగండి.