హెచ్ వాల్వా, వై వాల్వా, చిన్న సిలిండరా: విశాఖ డైవర్లకు ఏది మేలు?

మామూలు స్కూబా సిలిండర్ వాల్వ్‌కు మూతి ఒకటే. దానికి బిగించిన రెగ్యులేటర్ (సిలిండర్ గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది) నీటి అడుగున మొరాయించి గాలిని ఆపకుండా వదిలేస్తోందనుకోండి. వాల్వ్ కట్టేస్తే ఊపిరి ఆడదు, కట్టకపోతే సిలిండర్ నిమిషాల్లో ఖాళీ. హెచ్, వై వాల్వ్‌లకు మూతులు రెండు, నాబ్‌లు రెండు. పాడైన రెగ్యులేటర్‌ను కట్టేసి, రెండోదానితో మిగిలిన గాలి పీలుస్తూ పైకి రావచ్చు.

ఈ రెండింట్లో నా ఓటు హెచ్‌కే. మామూలు వాల్వ్‌కే పక్కన ఒక అడ్డం ముక్క, దాని చివర రెండో మూతి. చాలా మోడళ్లలో ఆ ముక్క విప్పి, మానిఫోల్డ్ (రెండు సిలిండర్లను కలిపే గొట్టం) బిగించి జంట సిలిండర్లకు మార్చుకోవచ్చు. వై ఒకే పోత, మూతులు చెరోవైపు వాలి ఉంటాయి. బరువు సమంగా పడుతుంది గానీ మానిఫోల్డ్‌కు పనికిరాదు. ఏది కొన్నా డిన్ మూతిదే (రెగ్యులేటర్‌ను మర తిప్పి బిగించేది) తీసుకోండి. బయటి నుంచి పట్టి బిగించే యోక్ రకంతో పోలిస్తే, దెబ్బ తగిలినా ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) పక్కకు జరిగే భయం తక్కువ. కొనేముందు డైవింగ్ జాకెట్ వేసుకుని రెండు నాబ్‌లూ చేతికి అందుతున్నాయో లేదో చూసుకోండి. అందని నాబ్ ఉన్నా లేనట్టే.

ఇంతా చేసి, రెండు రెగ్యులేటర్లూ పీల్చేది ఒకే గాలి. గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూడటం మరిచినా, సిలిండర్ మెడ దగ్గరి ఓ-రింగ్ తెగినా రెండూ ఒకేసారి మూగబోతాయి. పైగా ఈ వాల్వ్‌లకు పేరొచ్చింది రెగ్యులేటర్ గడ్డకట్టే చల్లటి నీళ్లలో. మన బంగాళాఖాతం వెచ్చన. ఇక్కడి బెడద ఇసుక, ఉప్పు, వానాకాలపు మసక నీళ్లు, రాళ్లకు చిక్కుకున్న తెగిన వలలు. తలవెనక అడ్డంగా పొడుచుకొచ్చిన వాల్వ్ వలకు ఇంకో కొక్కెమే.

అందుకే రుషికొండ, భీమిలి వైపు సరదా డైవింగ్‌కు నేను చెప్పేది, మామూలు వాల్వ్ ఉంచుకుని విడిగా 3 లీటర్ల చిన్న సిలిండర్, దానికి సొంత రెగ్యులేటర్. 200 బార్ ఒత్తిడికి నింపితే సుమారు 600 లీటర్ల గాలి. 20 మీటర్ల లోతులో కంగారుతో నిమిషానికి 40 లీటర్ల లెక్కన పీల్చినా, అక్కడ ఒత్తిడి మూడింతలు కాబట్టి నిమిషానికి 120 లీటర్లు పోతాయి. ఒక నిమిషం తేరుకుని, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకొచ్చి, 5 మీటర్ల దగ్గర భద్రత కోసం మూడు నిమిషాలు ఆగడానికి ఆ 600 లీటర్లు సరిపోతాయి. పెద్ద సిలిండర్ అద్దెది అయినా ఫర్వాలేదు, ఇది మీతోనే వస్తుంది. అద్దె సిలిండర్‌కు మీ హెచ్ వాల్వ్ ఎవరు బిగించనిస్తారు?

సొంత సిలిండర్‌కు వాల్వ్ మార్చాలనుకుంటే మాత్రం ఒక్క జాగ్రత్త. సిలిండర్ మెడలో వాల్వ్ బిగించే మరల్లో ఎక్కువగా కనిపించేవి ఎమ్ 25 (25 మిల్లీమీటర్ల మెట్రిక్ మర), ముప్పావు అంగుళం అని రెండు రకాలు. ఒకదాంట్లో ఇంకొకటి తిరిగినట్టే అనిపిస్తుంది, ఒత్తిడి ఎక్కాక వాల్వ్ తుపాకీ గుండులా ఎగిరిపోవచ్చు. సిలిండర్ మీదా వాల్వ్ మీదా చెక్కిన గుర్తులు ఒకటే అయితేనే, అదీ టెక్నీషియన్ చేతే బిగించండి.